చిన్న కారు కింద గాలికి దారి

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న కారుకు వెనుక స్పాయిలర్ బిగించమనేవారు తరచుగా కనిపిస్తారు గానీ, కారు అడుగుభాగాన్ని నునుపు చేయమని అడిగేవారు నాకు కనిపించలేదు. గాలి నిరోధం తగ్గించడానికి ఇంటి దగ్గర చేసుకోగలిగిన మార్పుల్లో నేను ముందు పెట్టేది ఆ రెండో పనినే.

గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎదురు వైశాల్యం 2 చదరపు మీటర్లు, నిరోధ గుణకం (ఆకారాన్ని బట్టి గాలి ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 0.35 ఉన్న కారును గంటకు 40 కిలోమీటర్ల వేగం దగ్గర గాలి సుమారు 52 న్యూటన్ల బలంతో అడ్డుకుంటే, 80 దగ్గర ఆ బలం 207 న్యూటన్లకు చేరుతుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఈ మార్పుల వల్ల ఒరిగేదేమీ ఉండదు. కాజ టోల్‌గేట్ మీదుగా గుంటూరుకు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీదే వాటి ఫలితం తెలుస్తుంది.

సస్పెన్షన్, సైలెన్సర్, ట్యాంకు ఎగుడుదిగుడుగా ఉండటంతో కారు కింద గాలి సుడులు తిరుగుతుంది. ముందు బంపర్ నుంచి ఇంజిన్ కింది దాకా పలుచని అల్యూమినియం రేకును విప్పుకోవడానికి వీలుగా బోల్టులతో బిగించి, ఆయిల్ తీసే చోట రంధ్రం వదలాలి. సైలెన్సర్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ విపరీతంగా వేడెక్కుతాయి కనుక ప్లాస్టిక్ షీటును వాటి దరిదాపులకు రానివ్వకూడదు. మన స్పీడ్ బ్రేకర్లను దృష్టిలో పెట్టుకొని, రేకు కారు అడుగు కంటే కిందికి వేలాడకుండా చూసుకోవాలి.

నిరోధం తగ్గించడానికి చలిదేశాల్లో ముందు గ్రిల్‌ను మూసేవారున్నారు. మే నెల బెజవాడ ఎండలో, ఏసీ నడుస్తుండగా, రేడియేటర్‌కు గాలి తగ్గించడం ఇంజిన్‌కు ప్రమాదమని నా గట్టి అభిప్రాయం.

వెనుకభాగం సంగతి తెలుసుకోవడానికి వెనుక కిటికీ అద్దం మీద, డిక్కీ తలుపు మీద పొట్టి ఊలు దారాలను టేపుతో అంటించి, పక్క కారులో కూర్చున్నవారి చేత వీడియో తీయించాలి. దారాలు బుద్ధిగా వెనక్కి వాలితే గాలి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పోతున్నట్టు, చిందరవందరగా కొట్టుకుంటే అక్కడ విడిపోతున్నట్టు. గాలి విడిపోకుండా కారు వెనుక సన్నబడుతూ పోయేలా పెట్టే పొడవాటి తోకను మధ్యలోనే తెగ్గొట్టినా లాభం చాలావరకు నిలుస్తుందని 1930ల్లో జర్మన్ ఇంజినీరు వునిబాల్డ్ కామ్ పరిశోధనలు చూపాయి. అయినా తయారీదారు నిర్దేశించిన వివరాలు మారేలా వాహనాన్ని సవరించడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది కాబట్టి, కారు పొడవు పెంచే తోక జోలికి నేను వెళ్లను.

ఫలితాన్ని కొలవాలంటే రద్దీ లేని చదునైన రోడ్డు మీద, గాలి వీచని వేళ, న్యూట్రల్‌లో 70 నుంచి 50కి వేగం తగ్గడానికి పట్టే సెకన్లను రెండు దిశల్లోనూ లెక్కించి సగటు తీయాలి; మార్పు తర్వాత సెకన్లు పెరిగితే నిరోధం తగ్గినట్టు. మార్పుకు ముందూ తర్వాతా టైర్లలో గాలి, కారులో బరువు ఒకేలా ఉండాలి.