ముసురులో పాత స్కూటరుకు రంగా?

మన నెల్లూరు, ఒంగోలు వైపు రంగు పనికి అసలు తంటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. బండి విప్పాక వాయుగుండం పట్టిందంటే గీకిన రేకు ఒక్క పూటలో ఎర్రబారుతుంది.

టార్పాలిన్ చినుకును ఆపుతుంది గానీ గాలిలో తేమను ఆపదు. 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉంటే రేకు 25 డిగ్రీలకు చల్లబడగానే చెమ్మ పడుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు థిన్నర్ ఆవిరవుతూ ఆ మాత్రం చల్లబరుస్తుంది. అందుకే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, థిన్నర్ ఆవిరై ఆరే) పెయింట్ మీద, నలుపైతే మరీనూ, పాలు ఒలికినట్టు తెల్లపొర లేస్తుంది. రుద్దకండి. ఎండ కాసిన పూట రిటార్డర్ (నెమ్మదిగా ఆరేలా చేసే ద్రవం) కలిపిన థిన్నర్ పల్చగా ఒక కోటు కొడితే చాలావరకు పోతుంది. టూ-కే పీయూ (రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలీయురెథేన్ రంగు) అయితే హార్డెనర్‌కు, అంటే గట్టిపరిచే మందుకు, తేమ తగిలి గ్యాసు పుడుతుంది, రంగంతా సూది బెజ్జాలు. దాని ఆవిరి ఊపిరితిత్తులకూ చేటే. అది వసారాలో కొట్టేది కాదు, షెడ్డుకే వదిలేయండి.

అన్నిటికన్నా దొంగ, సొట్టలు పూడ్చే లప్పం. 100 గ్రాములకు 2 గ్రాముల హార్డెనర్ చాలు. వాన కదా, త్వరగా ఆరుతుందని ఎక్కువ వేస్తే పైరంగులోకి మరక ఊరుతుంది. పైగా లప్పం నీళ్లు పీలుస్తుంది. తడిపి రుద్దితే ఆ నీళ్లు లోపలే ఉండిపోయి, రంగు వేసిన కొన్నాళ్లకు బొబ్బలు లేస్తాయి. 80, 180, 320 నంబరు ఉప్పుకాగితాలతో పొడిగానే రుద్దండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ల బండైతే కాళ్లు పెట్టే చోట పట్టీలు విప్పి చూడాల్సిందే. వాటి కింద ఉప్పు, మట్టి చేరి రేకు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. రుద్దకముందే మంచినీళ్లతో కడగాలి, ఉప్పగా ఉండే బోరు నీళ్లు పనికిరావు.

కంప్రెసర్ ట్యాంకు అడుగున కాక్ తిప్పి నీళ్లు వదలండి. గన్‌తో ఒట్టి గాలి అద్దం మీద కొడితే చుక్కలు పడకూడదు. పొద్దుపోయాక లైటు వేసి కొట్టారో, ఉసిళ్లు వచ్చి అంటుకుంటాయి. తడి రంగులోంచి పీకకుండా ఆరాక 1500 వాటర్ పేపర్‌తో తీయడమే.

ముసురులో చేయదగ్గది విప్పడం, గీకడం, తెరిపిచ్చిన మధ్యాహ్నం ఒట్టి రేకుకు ఎపాక్సీ ప్రైమర్ (రేకును తేమ నుంచి కాచే అడుగు పూత) కొట్టడం. పైరంగు సంక్రాంతి దాటాకే. అప్పుడూ పొద్దున మంచు ఉంటుంది కాబట్టి పదకొండుకు మొదలుపెట్టి మూడింటికల్లా గన్ కడిగేయాలి. ప్రైమర్ అన్నాళ్లు ఆగింది గనుక ముందు 400 కాగితంతో గరుకు చేయనిదే రంగు పట్టదు.