బడి రోజుల్లో ఊరికి పోవాలంటే: ఇంగ్లండ్‌లో ఉన్న సీమ కుటుంబాలకు లెక్కలు, జాగ్రత్తలు

డిసెంబరు టికెట్ల రేట్లు చూడగానే ఇంగ్లండ్‌లోని తెలుగు ఇళ్ళలో చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. శుక్రవారం బడి మూసేదాకా ఆగకుండా బుధవారమే బయల్దేరితే టికెట్ తగ్గుతుంది. జనవరిలో బడి తెరిచిన రెండు రోజులకు దిగితే ఇంకాస్త తగ్గుతుంది. అటు మూడు, ఇటు రెండు, అవీ వేరువేరు టర్ముల్లో (బడి ఏడాదిలోని భాగాల్లో). ఎవరూ పట్టించుకోరులే అనుకుంటారు.

పట్టించుకుంటారు. బడి హాజరులో రోజుకు రెండు పూటలు. పది బడి వారాల్లో పది పూటలు, అంటే ఐదు రోజులు, అనుమతి లేకుండా మానితే పెనాల్టీ నోటీసు (జరిమానా కట్టమనే కాగితం) ఇవ్వాలా వద్దా అని బడి ఆలోచించి తీరాలి. ఆ పది వారాల్లో సెలవు వారాలు లెక్కకు రావు కాబట్టి డిసెంబరులో చివరి బడి వారం, జనవరిలో మొదటి బడి వారం పక్కపక్కనే ఉన్నట్టు. ఐదు రోజులూ వరుసగా ఉండాలని కూడా లేదు. రిజిస్టర్ మూసేశాక ఆలస్యంగా వచ్చిన పూటలు కూడా ఇందులోనే కలుస్తాయి. క్రిస్మస్ సెలవులకు ముందూ వెనకా కత్తిరించుకునేవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఈ లెక్కలోనే.

2024 ఆగస్టు 19 నుంచి ఇంగ్లండ్ అంతటా ఒకే పద్ధతి నడుస్తోంది. మొదటి నోటీసుకు 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ తర్వాత 28 రోజుల్లోపు అయితే 160. ఇది ఇంటికి ఒకటి కాదు, ఒక్కో బిడ్డకు ఒక్కో తల్లి లేదా తండ్రి పేరు మీద వస్తుంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు ఉన్న ఇంటికి నాలుగు నోటీసులు, త్వరగా కట్టినా 320 పౌండ్లు. మూడేళ్ళలోపు అదే బిడ్డ విషయంలో రెండోసారి వస్తే తగ్గింపు ఉండదు, ఒక్కోటి నేరుగా 160, అంటే ఆ ఇంటికి 640. మూడోసారికి నోటీసు ఇవ్వరు, కోర్టు దాకా పోవచ్చు. అక్కడ జరిమానా 1,000 పౌండ్ల వరకు, తెలిసీ పంపలేదని తేలితే 2,500 వరకు, జైలు శిక్షకు కూడా చట్టంలో చోటుంది. నోటీసు మీద అప్పీలు లేదు. నోటీసు డబ్బు కట్టేస్తే అది నేరంగా నమోదు కాదు. కట్టకుండా వదిలేసి కోర్టులో శిక్ష పడితే మాత్రం వీసా, సిటిజన్‌షిప్ దరఖాస్తుల్లో చెప్పుకోవాల్సిన విషయమవుతుంది. టికెట్‌లో మిగిలేదానికంటే జరిమానా తక్కువే కదా అని లెక్కేసేవాళ్ళు ఈ మూడేళ్ళ గడువును, కోర్టును కూడా ఆ లెక్కలో వేసుకోవాలి.

'హెడ్‌టీచర్ పది రోజులు ఇవ్వొచ్చంట' అన్న మాట ఇంకా తిరుగుతోంది. ఇంగ్లండ్‌లో ఆ వెసులుబాటు 2013 సెప్టెంబరులో పోయింది. ఇప్పుడు అసాధారణ పరిస్థితి అని హెడ్‌టీచర్‌కు అనిపిస్తేనే సెలవు, ఎన్ని రోజులన్నదీ ఆయన లేదా ఆమె ఇష్టమే. 'మా పాప అటెండెన్స్ మామూలుగా బాగుంది' అన్న వాదన కూడా నిలవదు. ఐల్ ఆఫ్ వైట్ కౌన్సిల్ అనే స్థానిక సంస్థ ఒక తండ్రి మీద పెట్టిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో తేల్చిందదే: క్రమంగా హాజరు కావడమంటే బడి పెట్టిన నియమాల ప్రకారం హాజరు కావడం.

నిజమైన వెసులుబాటు ఒకచోట ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. నిర్బంధ విద్య వయసు ఐదేళ్ళు నిండాక వచ్చే టర్ముతో మొదలవుతుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య పుట్టిన బిడ్డకు జనవరి నుంచి, జనవరి నుంచి మార్చి మధ్య పుడితే ఈస్టర్ తర్వాత నుంచి, ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య పుడితే ఆ సెప్టెంబరు నుంచి. అంటే జూన్‌లో పుట్టిన పాప రిసెప్షన్ క్లాసు (బడిలో మొట్టమొదటి తరగతి) ఏడాదంతా ఈ జరిమానా పరిధిలోకే రాదు. సంక్రాంతికి మూడు వారాలు ఊళ్ళో ఉంచాలన్న కోరిక ఉంటే అది ఆ ఏడాదే తీర్చుకోండి. అవ్వాతాతలకు ఆ వయసు బిడ్డతో గడపడం మళ్ళీ దొరకదు కూడా. చెప్పకుండా మాత్రం పోవద్దు, అప్పుడు కూడా బడికి రాసిచ్చే పోవాలి.

ఇంతకీ ఈ తగువంతా ఎందుకొస్తోంది? రెండు క్యాలెండర్లు కలవక. కడప, కర్నూలు, అనంతపురంలో పిల్లలకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఎండాకాలం సెలవులు, జనవరి రెండో వారంలో సంక్రాంతి సెలవులు. ఇంగ్లండ్ పిల్లలు జూలై చివర్లో వదిలితే సెప్టెంబరు మొదట్లో మళ్ళీ బడికి పోవాలి. ఆగస్టులో ఊరికి పోతే చిన్నాన్న పిల్లలు, మేనత్త పిల్లలు పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్ళిపోతారు, సాయంత్రం ట్యూషన్ అయ్యాక గానీ ఆటకు దొరకరు. అందుకే 'నాలుగు దినాలు ఇస్కూలుకు పోకుంటే ఏమైతాదప్పా' అని జేజి ఫోన్‌లో అడిగితే కాదనడం కష్టం. ఆమె అడుగుతోంది పిల్లలంతా ఒకచోట ఉండే రోజుల్ని. అది న్యాయమైన కోరికే. దానికి జవాబుగా వాట్సాప్ గ్రూపులో ఏటా సెప్టెంబరులోనే బడి క్యాలెండర్ పెట్టండి. టర్ము తేదీలు, హాఫ్ టర్ములు (టర్ము మధ్యలో వచ్చే సెలవులు), టీచర్ల శిక్షణ రోజులు తెలుగులో రాసి పంపితే పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. శిక్షణ రోజులు ఏడాదికి ఐదు, తరచుగా సెలవులకు ఆనుకునే ఉంటాయి. ఆ రోజు మానితే లెక్కలోకి రాదు.

పెళ్ళి తేదీ విషయంలో ముందుగా నోరు తెరవడం ఇంకా ముఖ్యం. సిద్ధాంతి దగ్గరికి పోయి ముహూర్తం పెట్టుకొచ్చాక బతిమాలితే ఎవరూ మార్చరు. జాతకాలు చూపించే రోజే 'పిల్లల బడి సెలవులు ఫలానా తేదీల మధ్య' అని కాగితం మీద రాసి ఇస్తే, ఉన్న ముహూర్తాల్లో దగ్గరది ఎంచడానికి చాలామంది ఒప్పుకుంటారు. ఆషాఢం అడ్డం ఎంత వస్తుందో ఏటికేడు చూసుకోవాలి. 2025లో శ్రావణం జూలై 25న మొదలైంది, ఇంగ్లండ్ సెలవులతో దాదాపు కలిసిపోయింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల అది ఆగస్టు 13కు జరిగింది, అంటే సెలవుల్లో మొదటి మూడు వారాలూ ఆషాఢమే. శ్రావణంలోనూ గురు, శుక్ర మూఢాలు పడితే ముహూర్తాలుండవు. టికెట్ కొనేముందు ఆ ఏటి పంచాంగం అడగాల్సింది ఇందుకే. వైశాఖ, జ్యేష్ఠాల పెళ్ళిళ్ళు పిల్లలకు అన్నిటికంటే ఇబ్బంది. మే నెలలో ఇయర్ 6 (ఆరో ఏడాది) పిల్లలకు శాట్స్ పరీక్షలు, మే, జూన్‌లలో పదహారేళ్ళ పిల్లలకు జీసీఎస్‌ఈ పరీక్షలు, జూన్‌లో ఇయర్ 1 ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలతో చదివే) పరీక్ష, ఇయర్ 4 ఎక్కాల పరీక్ష. ఆ వారాల్లో ఏ హెడ్‌టీచరూ సెలవివ్వరు, ఇవ్వకపోవడమే సరైంది. పైగా కర్నూలు ఎండకు అలవాటులేని పిల్లలు మధ్యాహ్నం గుమ్మం దాటలేరు.

ఈస్టర్ సెలవుల్ని మనవాళ్ళు తక్కువగా చూస్తారు గానీ కడప వైపు వాళ్ళకు అవి బంగారం. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం చైత్ర పున్నమి ముందు రాత్రి, వెన్నెల్లో జరుగుతుంది. ఈస్టర్ తేదీ కూడా పున్నమిని బట్టే వస్తుంది. అందుకే చాలా ఏళ్ళు ఈ రెండూ దగ్గరదగ్గరగా పడతాయి: 2025లో కల్యాణం ఏప్రిల్ 11, ఈస్టర్ ఏప్రిల్ 20. 2026లో ఏప్రిల్ 1, ఏప్రిల్ 5. అన్ని ఏళ్ళూ కలవవు. 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తుంది, చైత్ర పున్నమి ఏప్రిల్ 20 దాకా రాదు. కలిసిన ఏడు ఒక్క రోజు కూడా బడి మానకుండా పిల్లలకు ఆ కల్యాణం చూపించొచ్చు, ఎండలు ముదరకముందే తిరిగి రావొచ్చు. మంత్రాలయం ఆరాధన శ్రావణ బహుళ విదియకు కాబట్టి సాధారణంగా ఆగస్టులోనే పడుతుంది. 2026లాగా నెలాఖరుకు జరిగిన ఏడు మాత్రం తిరుగు టికెట్ బిగుసుకుపోతుంది.

పండుగ రోజుకు వేరే నియమం ఉంది. తల్లిదండ్రుల మతం ప్రత్యేకంగా ఆచరణకు కేటాయించిన రోజున బిడ్డ మానితే అది నేరం కాదు. దీపావళికి, ఉగాదికి, రంజాన్, బక్రీద్‌లకు ఒక రోజు అడిగితే ఇబ్బంది ఉండదు. కానీ అది ఆ రోజుకే. ఆ పేరు చెప్పి ప్రయాణానికి మరో నాలుగు రోజులు కలపడానికి కుదరదు.

ఇక సెలవు అడగక తప్పని సందర్భం. టికెట్ కొన్నాక కాదు, కొనకముందే అడగండి. చాలా బడులకు సొంత ఫారం ఉంటుంది, నాలుగు వారాల ముందే ఇవ్వడం మంచిది. బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళే అడగాలి. తిరిగొచ్చాక అనుమతి ఇవ్వడానికి హెడ్‌టీచర్‌కు అధికారం లేదు. 'కుటుంబ వేడుక, రెండు వారాలు' అని రాస్తే తిరస్కరణ ఖాయం. రాయాల్సినవి ఇవి: మానే బడి రోజులు ఏవేవి, ఎన్ని, తేదీ ఎవరు పెట్టారు, ఎందుకు మార్చలేరు, వేడుకలో ఈ ఇంటివాళ్ళ బాధ్యత ఏమిటి, తిరిగి బడికి వచ్చే రోజు ఏది. ఉదాహరణకు ప్రొద్దుటూరులో శనివారం పెళ్ళి అనుకుందాం. ఇంగ్లీషులో రాసే ఉత్తరం సారాంశం ఇలా ఉండొచ్చు: 'మా అక్క కూతురి పెళ్ళి. ముహూర్తం వధూవరుల జాతకాలను బట్టి పెట్టినది. పెళ్ళికూతురిని గంపలో మండపానికి తెచ్చే మేనమామను ఈ పిల్లల తండ్రినైన నేనే, ఆ పని మరొకరు చేయరు. గురు, శుక్ర, సోమవారాలు మూడు రోజులు రారు. మంగళవారం ఉదయం బడిలో ఉంటారు.' శుభలేఖ జతచేసి, తెలుగులో ఉంటే తేదీ, పేర్లు, ఊరు ఇంగ్లీషులో కింద రాయండి. మూడు రోజులు అడిగినవాళ్ళకు ఒప్పుకునే బడి పది రోజులు అడిగితే మొత్తం కాదనొచ్చు. పిల్లలు వేరువేరు బడుల్లో ఉంటే ఒకరు ఇచ్చి ఇంకొకరు ఇవ్వకపోవడం మామూలే, ఎవరి నిర్ణయం వారిది.

పెద్దవాళ్ళు పోయినప్పుడు నాలుగు వారాల మాట ఎవరూ అడగరు. ఎయిర్‌పోర్టుకు పోయే దారిలోనైనా సరే బడి ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి: ఎవరు పోయారు, ఎక్కడ, పెద్దకర్మ ఏ రోజు, ఎప్పటికి తిరిగి రావొచ్చు. పదకొండో దినం దాకా ఎందుకు ఉండాలో రెండు వాక్యాల్లో వివరిస్తే చాలామంది హెడ్‌టీచర్లు అర్థం చేసుకుంటారు, వాళ్ళకు అంత్యక్రియలంటే ఒక్క రోజు పనిగానే తెలిసి ఉండొచ్చు. ఆ తర్వాత ఏడాదికి వచ్చే సంవత్సరీకం తిథి ముందే తెలుసు గనుక దానికి ఇదే ఉదారత ఆశించవద్దు.

ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి పోవడం మాత్రం ఏ కోణంలో చూసినా తప్పే. బడి అనుమానిస్తే వైద్య ఆధారం అడగొచ్చు, లేకపోతే ఆ రోజులన్నీ అనుమతి లేని గైర్హాజరుగా మారుతాయి. అంతకంటే పెద్ద నష్టం బిడ్డకు. గోరింటాకు చేతులతో క్లాసులో కూర్చుని, గంపలో వచ్చిన పెళ్ళికూతురి గురించి స్నేహితులకు చెప్పకూడదని ఏడేళ్ళ పాపకు నేర్పడమంటే, తన ఊరిని దాచుకోవాల్సిన విషయంగా నేర్పడమే. అనుమతి రాకపోయినా వెళ్ళాల్సిందేనని నిర్ణయించుకుంటే నిజం రాసి, జరిమానా కట్టి, పాపను గర్వంగా చెప్పుకోనివ్వండి.

ఎక్కువ రోజులు ఉండిపోయేవాళ్ళకు జరిమానా కంటే పెద్ద ప్రమాదం సీటు. ఇచ్చిన సెలవు అయిపోయాక పది బడి రోజులు రాకపోతే, అనుమతే లేకుండా వరుసగా ఇరవై రోజులు రాకపోతే, విచారించిన మీదట బడి పేరు కొట్టేసే అవకాశం ఉంది. డిమాండ్ ఉన్న బడిలో ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి పోతుంది. అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో నెలరోజులు కూర్చోబెట్టాం కదా అంటే ఇక్కడి హాజరులో అది పడదు. ఆలస్యం తప్పకపోతే కొత్త టికెట్, డాక్టరు చీటీ వెంటనే బడికి పంపండి. ఊళ్ళో జ్వరం వచ్చి ఆసుపత్రిలో చూపిస్తే ఆ కాగితాలన్నీ దాచండి.

ఇవన్నీ ఇంగ్లండ్ నియమాలు. వేల్స్‌లో హెడ్‌టీచర్ ఇప్పటికీ పది రోజుల వరకు ఇవ్వొచ్చు, స్కాట్లండ్‌లో ఈ జరిమానా పద్ధతి లేదు. అమెరికాలో రాష్ట్రానికో చట్టం: కాలిఫోర్నియాలో తగిన కారణం లేకుండా మూడు రోజులు మానితే ట్రూయెంట్ (బడి ఎగ్గొట్టే పిల్లలు) కింద లెక్క, టెక్సాస్‌లో ఆరు నెలల్లో పది రోజులు గానీ అంతకు మించి గానీ మానితే కోర్టు దాకా పోవచ్చు.

తిరిగొచ్చే రోజును లెక్కలో కలపడం మరవొద్దు. కడప నుంచి బెంగళూరు విమానాశ్రయానికి ఐదు గంటల దారి, శంషాబాద్‌కు కర్నూలు నుంచి మూడు గంటల పైన. ఆదివారం రాత్రి లండన్‌లో దిగి సోమవారం బడికి పంపితే పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి మధ్యాహ్నానికి బెంచీ మీద నిద్రపోతారు. గురు, శుక్రవారాల్లో దిగితే శని, ఆదివారాలు సర్దుకోవడానికి ఉంటాయి. టైఫాయిడ్ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించాలి. పిల్లల బ్రిటిష్ పాస్‌పోర్టు ఐదేళ్ళకే ముగుస్తుంది, కొత్తది రాగానే మూడు నెలల్లోపు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకు భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు) వెబ్‌సైటులో దాన్ని అప్‌లోడ్ చేయాలి. ఈ పని ప్రయాణానికి ముందు వారం గుర్తొచ్చి, సెలవులు మొదలయ్యాక కూడా పది రోజులు ఇంట్లోనే కూర్చుని, చివరికి ఆ పది రోజులూ బడి రోజుల్లోంచి తీసుకునే ఇళ్ళు ప్రతి వేసవీ కనిపిస్తాయి. టికెట్ బుక్ చేసేముందు పాస్‌పోర్టు, ఓసీఐ, బడి క్యాలెండర్ మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి తేదీలు చూడండి.