అంబాసిడర్ ఆయిల్ లైటు పెట్టిన టెన్షన్

మా నాన్న పాత అంబాసిడర్‌కి రీబోరింగ్ (అరిగిన సిలిండర్లని మళ్లీ తొలిచి నున్నగా చేయడం) చేయించి, కొత్త బేరింగులు వేయించి వంద కిలోమీటర్లు కూడా తిరగలేదు, ఇంజిన్ వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరించే ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది.

"బేరింగులే సార్, మళ్లీ ఇంజిన్ దించాల్సిందే" అన్నాడు మెకానిక్. నాకు మనసొప్పలేదు. లైటుని వెలిగించే స్విచ్చులు అబద్ధం చెప్పడం మామూలే కాబట్టి, ముందు ఆ స్విచ్చు విప్పి ఆ చోట ఆయిల్ ప్రెషర్ కొలిచే ఓ గేజీ బిగించాను. ఈసారి పాపం లైటు నిజమే చెప్పింది: చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ 40 పీఎస్ఐ, వేడి మీద ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) 5! కొత్తగా చిక్కటి 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ పోసినా పెద్ద తేడా లేదు.

ఈ 1489 సీసీ ఇంజిన్ బ్లాకుకి వెనకవైపు, పక్కన గుండ్రటి తల ఉన్న ఓ పెద్ద నట్టు ఉంటుంది. దాని వెనక స్ప్రింగు, అది నొక్కి పట్టే చిన్న కడ్డీలాంటి ప్లంజరు. ప్రెషర్ మరీ ఎక్కువైతే తెరుచుకుని ఆయిల్‌ని సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వదిలేసే వాల్వు అది. ప్లంజర్ బయటికి లాగితే దాని కొన మీద గోరుకి తగిలే గీత, అది కూర్చునే సీటు దగ్గర బియ్యపు నూకంత ఇనుప రజను! బోరింగ్ అయ్యాక ఆయిల్ దారులు సరిగ్గా కడగలేదన్నమాట. వాల్వు పూర్తిగా మూసుకోక ఆయిల్ అటే జారిపోతోంది.

సీటుకి గ్రైండింగ్ పేస్టు పట్టించి నున్నగా అరగదీసి, ప్లంజరు, స్ప్రింగు మార్చి, సంపు దించి ఆయిల్ వడకట్టే జాలీ కూడా కడిగాను. పనిలో పనిగా ఒక బేరింగ్ క్యాప్ (మూత) విప్పి చూస్తే బేరింగు మీద గీతల్లేవు, బతికిపోయాను. ఇప్పుడు వేడి మీద ఐడ్లింగ్‌లో 18, రోడ్డు మీద 50.

ఆ రజను అగ్గిపెట్టెలో దాచాను, మెకానిక్‌కి చూపించాలి.