పలెర్మోలో శెనగపిండి

రోమ్‌లో ఉన్నన్నాళ్లూ మా ఆవిడకి తిండి సమస్యే అయింది. గుడ్డు కూడా ముట్టదు. పూటపూటా మార్గరీటా పిజ్జా తినలేక విసిగిపోయింది. పైగా అడక్కపోయినా బ్రెడ్డు తెచ్చి బల్ల మీద పెడతారు, దానికీ బిల్లు వేస్తారు. మంచినీళ్ల సీసాకి ఇచ్చిన డబ్బు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. "ఏమండీ, ఇంకా కిందికి పోతే ఏం దొరుకుతుందో" అని బెంగపడుతూనే సిసిలీ ద్వీపానికి రైలెక్కింది.

తెల్లవారుజామున ఇటలీ దక్షిణ కొసన ఉన్న విల్లా సాన్ జొవానీ రేవులో రైలుని ముక్కలుగా విడదీసి, పెట్టెలకి పెట్టెలే ఓడలోకి తోసేశారు. మెస్సీనా జలసంధి దాటేదాకా జనం పై అంతస్తుకెక్కి కాఫీ తాగారు. సిసిలీ ముఖ్యపట్టణం పలెర్మో చేరేసరికి నడుములు పట్టేశాయి.

ఈ ఊరిని 831లో అరబ్బులు గెలిచారు. 1072లో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నారు. లాక్కున్నారే గాని అరబ్బు పనివాళ్లని తరిమెయ్యలేదు. నార్మన్ రాజు రెండో రోజర్ తన కోటలో కట్టించుకున్న చర్చికి వెళ్తే ఆ సంగతి తెలుస్తుంది. గోడల నిండా గ్రీకు పద్ధతిలో చిన్నచిన్న ముక్కలు అతికించి చేసిన బంగారు మొజాయిక్‌లు, క్రీస్తు బొమ్మ. తలెత్తితే అరబ్బు పద్ధతిలో చెక్కిన కొయ్య కప్పు, దాని మీద వాద్యాలు వాయించేవాళ్లూ, మధుపాత్రలు పట్టుకున్నవాళ్లూ. టిక్కెట్టు ఖరీదెక్కువే, అయినా ఇవ్వొచ్చు.

నాకు అంతకంటే నచ్చింది జీసా అనే పాత నార్మన్ భవనంలో ఉన్న ఓ సమాధి ఫలకం. గ్రిసాంతో అనే మతాధికారి తన తల్లి అన్నా కోసం 1149లో చెక్కించాడు. లాటిన్, గ్రీకు, అరబిక్, హీబ్రూ లిపిలో రాసిన అరబిక్, ఇలా నాలుగు రకాలుగా ఉంది. తేదీ కూడా ఏ వర్గం వాళ్లకి వాళ్ల కాలమానంలోనే వేయించాడు. దారినపోయే ఏ మతం మనిషైనా తన తల్లి పేరు చదవాలనుకున్నాడన్నమాట. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఇక బల్లరో సంత. ఎర్ర గుడారాల కింద చేపలు, వంకాయలు, ఉడకబెట్టిన ఆర్టిచోకులు, అమ్మేవాళ్ల కేకలు. ఆ గోలలో మా ఆవిడ ఠక్కున ఆగింది. వేగుతున్న శెనగపిండి వాసన! సాయంత్రం పూట మా కాకినాడలో బజ్జీల బండి దగ్గర వచ్చే వాసనే, సందేహం లేదు.

దాన్ని పనెల్లె అంటారు. శెనగపిండిని నీళ్లలో గట్టిగా ఉడికించి, పళ్లెంలో పలచగా పరిచి ఆరనిస్తారు. దాన్ని ముక్కలు కోసి నూనెలో వేస్తారు. గుడ్డుందా అని సైగలతో అడిగితే ఆ పెద్దాయన పిండి డబ్బా, ఉప్పు, పార్స్‌లీ ఆకు ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూపించాడు. ముక్కలు నూనెలో కాస్త ఉబ్బి, అంచులు ఎర్రబడగానే తీసి, నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలో పేర్చి నిమ్మకాయ పిండాడు. పైన కరకర, లోపల మెత్తన. కారం మాత్రం బొత్తిగా లేదు. మా ఆవిడ సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుంటే ఆయన తనకీ కొంచెం వెయ్యమని చెయ్యి చాపాడు! రోమ్‌లో సీసా నీళ్లకీ బ్రెడ్డుకీ తగలేసిన డబ్బుతో ఇక్కడ ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఈ వంట అరబ్బుల నాటిదని ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. నాకు నమ్మాలనే ఉంది. రోజర్ కొలువులో పనిచేసిన అల్ ఇద్రీసీ 1154లో ముగించిన భూగోళ గ్రంథంలో, దగ్గర్లోని త్రబియాలో సేమ్యాలాంటి పిండివంట చేసి ఓడల్లో ఊళ్లకి పంపేవారని రాశాడు. ఇటలీ అనగానే గుర్తొచ్చే పాస్తా గురించి అంత పాతమాట రాసింది ఒక అరబ్బు పండితుడు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. దూడ ప్లీహం, ఊపిరితిత్తి ఉడికించి పందికొవ్వులో వేయించి, అలాంటి రొట్టెలోనే పెట్టి అమ్మే దుకాణాలూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. చూపించి అడగండి, మూకుడులోకి తొంగిచూసి మరీ కొనండి.

తర్వాత సిసిలీలోనే ఉన్న సిరక్యూస్ వెళ్లాం. సముద్రం బాగుంది, గ్రీకు నాటకశాల ఇంకా బాగుంది. మేం తిరిగిన వీధుల్లో మాత్రం పనెల్లె ఎక్కడా కనబడలేదు. మా ఆవిడ మళ్లీ మార్గరీటాకి దిగింది.