మంట వైపు వీపు పెట్టి

నేను మొదటిసారి తీసిన అగ్నిప్రమాదం ఫోటో చూసి మా పేపరు డెస్కులో సీనియర్ ఒకే మాట అడిగారు. "ఏంటయ్యా ఇది, భోగి మంటా?"

ఊరి శివారులో ప్లాస్టిక్ తుక్కు గోదాము అంటుకుందని రాత్రి పదకొండింటికి ఫోనొస్తే, బండి మీద ఇరవై కిలోమీటర్లు పోయి, రెండు గంటలు నిలబడి, నాలుగొందల ఫ్రేములు తీశాను. అన్నీ ఒకటే. మధ్యలో తెల్లగా మాడిపోయిన మంట, చుట్టూ చీకటి. మనిషన్నవాడు లేడు. గోదాము ఎంతుందో తెలీదు, ఫైరింజన్ ఎక్కడుందో తెలీదు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, అది భోగి మంటే.

కెమెరా తప్పు కూడా కాదు. ఫ్రేములో ముప్పాతిక వంతు చీకటి ఉంటే ఆటో మోడ్‌లో వెలుతురు కొలిచే మీటరు ఆ చీకటిని వెలిగించాలని చూస్తుంది. దాంతో మంట సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. ఆ రాత్రి తర్వాత నేను మాన్యువల్ మోడ్ వదల్లేదు, కెమెరాలోకి ఎంత వెలుతురు రావాలో నేనే పెట్టుకుంటాను. ఐఎస్ఓ 1600, అపర్చర్ 2.8, షట్టర్ సెకనులో 500వ వంతు. రాత్రి పెద్ద మంటకు ఇక్కణ్ణుంచి మొదలుపెడతాను. మంట నడుమ కాదు, అంచున నారింజ రంగు ఎక్కడ నిలుస్తుందో అక్కడ కొలత చూసుకుంటాను. పొగ ఒక్కసారి అడ్డం వస్తే వెలుతురు సగానికి సగం పడిపోతుంది, కాబట్టి బొటనవేలు ఎప్పుడూ డయల్ మీదే ఉండాలి. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే మంట పాలిపోతుంది, ఎండకు పెట్టే సెట్టింగే పెట్టి వదిలేస్తాను. ఫ్లాష్ మాత్రం సంచిలోంచి తీయను. పొగా, నీటి తుంపరా ఆ వెలుగుని తిరిగి మన కళ్ళలోకే కొడతాయి, పొగమంచులో హెడ్‌లైటు వేసినట్టు. పైగా ఫైర్‌మన్ల కోట్ల మీదుండే మెరుపు పట్టీలు ఫ్లాష్ పడితే ట్యూబులైట్లలా వెలిగి మనిషిని మింగేస్తాయి.

ఇదంతా ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగిందే. అసలు విషయం నేర్పింది వేరే ఆయన.

మూడోదో నాలుగోదో, అదీ గోదామే. పోలీసులు కట్టిన తాడు కింద నుంచి దూరి, గోడ పక్కగా ముందుకు పోతున్నాను. మంచి యాంగిల్ దొరికింది, కింద నుంచి పైకి, గోడ మీదుగా లేస్తున్న మంట. వెనక నుంచి కేక.

"ఓ కెమెరా తమ్మీ! గోడ కింద నీకేం పని? ఇవతలికి రా!"

రాలేదు. ఆయనే వచ్చి నా బ్యాగు పట్టీ పట్టుకుని లాక్కెళ్ళాడు. ఇరవై నిమిషాలకో ఏమో, ఆ గోడ పైభాగం బయటికి విరుచుకుపడింది. పెద్ద చప్పుడేం కాలేదు, ఇటుకల లారీ దించినట్టు. నేను నిలబడ్డ చోట మోకాలెత్తు పోగు.

మర్నాడు థాంక్స్ చెప్దామని స్టేషనుకు పోతే, "చాయ్ తాగుతవా?" అన్నాడు తప్ప గోడ సంగతే ఎత్తలేదు. లీడింగ్ ఫైర్‌మన్. అప్పటికే ముప్పై ఏళ్ళ సర్వీసు. నేనే అడిగాను, ఎలా తెలిసిందన్నా అని. "గోడ కడుపు బైటికి ఉబ్బింది. నువ్వు మంటను జూస్తున్నవ్, నేను గోడను జూస్తున్న" అన్నాడు. గోడ ఎంత ఎత్తుంటే దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలట. అప్పటినుంచి ఏ ప్రమాదానికి పోయినా ముందు గోడ ఎత్తు లెక్కేసుకుంటాను, తర్వాతే లెన్సు మూత తీస్తాను.

ఆ స్టేషనుకు చాలాసార్లు పోయాను. ఏప్రిల్ 14 నుంచి వారం పాటు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు కదా, అప్పుడు డ్రిల్లు తీయడానికి కూడా పోయాను. ఆ తేదీకి కారణం బొంబాయి. 1944లో ఆ రోజున విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్ళూ పేలుడు పదార్థాలూ కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. దాన్ని ఆర్పడానికి పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. స్టేషన్లో రెండు నిమిషాలు మౌనం పాటించి డ్రిల్లు మొదలుపెట్టారు. మా అన్న, అదే నన్ను గోడ కింద నుంచి లాగినాయన, నన్ను బ్రాంచ్ పట్టుకోమన్నాడు. నీళ్ళు చిమ్మే మూతిని వాళ్ళు బ్రాంచ్ అంటారు. మా ఊళ్ళో బోరు మోటారు వేయగానే పైపు ఎగిరిపడటం చూసినవాణ్ణే కదా, ఏముందిలే అనుకున్నాను. నీళ్ళు రాగానే రెండడుగులు వెనక్కి పోయాను. నా వెనక ఇంకొకడు భుజంతో నన్ను ఆపకపోతే కింద పడేవాణ్ణి. అప్పుడర్థమైంది, వాళ్ళు ఇద్దరిద్దరుగా ఎందుకు నిలబడతారో, వెనకవాడి భుజం ముందువాడి వీపుకు ఎందుకు ఆని ఉంటుందో. అంతకు ముందు ఆ వెనకవాణ్ణి ఫ్రేములోంచి కోసేసేవాణ్ణి, అడ్డమని.

ఇంకో లెక్క కూడా అక్కడే తెలిసింది. మామూలు వాటర్ టెండర్లో, అంటే నీళ్ళు మోసే ఫైరింజన్లో పట్టేది 4500 లీటర్లు. పంపు నిమిషానికి 2250 లీటర్లు తోయగలదు. అంటే పూర్తిగా వదిలితే రెండు నిమిషాలకు బండి ఖాళీ. మిగతా రాత్రంతా నడిచేది నీళ్ళ కోసం పరుగే. ఏ సందులోంచి ట్యాంకరు వస్తుంది, ఎవరు రివర్సు చేయిస్తున్నారు, హోసు మీదికి ఎవరి కారు ఎక్కింది. ఇదంతా మంటకు వెనక వైపు జరుగుతుంది, ఫోటోగ్రాఫర్లు ఎవరూ నిలబడని వైపు.

సామాను గురించి కొంచెం. పాలియెస్టర్ చొక్కాలు మానేశాను, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్టలే. మేకులు దిగని మందం అడుగు బూట్లు. లెన్సు తుడవడానికి మా నాన్న పాత పంచె చింపిన గుడ్డ, కొన్న గుడ్డలకంటే నయం. అక్కడ లెన్సు మార్చడం మాత్రం పనికిరాదు. ఒకసారి మార్చాను, మసి లోపలికి పోయి నెల రోజులు ప్రతి ఆకాశంలోనూ నల్ల చుక్కలు. ఎన్95 మాస్కు పెట్టుకుని ధైర్యంగా పొగలో తిరిగిన రాత్రి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. మాస్కు మసిని ఆపుతుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదని ఆ తర్వాత అన్న తిట్టి చెప్పాడు. కింద నిలిచిన నీళ్ళలో కాలు పెట్టే ముందు కరెంటు తీశారా అని ఎవర్నో ఒకర్ని అడగాలి. ఇక ఇంటికి పోతే అమ్మ గుమ్మం దాటనివ్వదు. బట్టలు బయటే విప్పి, బకెట్లో వేసి రావాలి.

2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డు నల్లగుట్టలో దక్కన్ మాల్ తగలబడ్డ రోజు నాకు పెద్ద పరీక్ష. పొద్దున మొదలైన మంట చీకటి పడ్డాక కూడా మండుతూనే ఉంది. లోపల బట్టలూ ఆటసామానూ. నల్లటి పొగ తప్ప చాలాసేపు మంటే కనబడలేదు. ఎంత జూమ్ చేసినా ఫోటోలు పదునుగా రాలేదు. ఫోకస్ తప్పు కాదు, వేడికి గాలే అలలలాగా ఊగుతోంది. దూరం నుంచి లాంగ్ లెన్సుతో తీస్తే అంతా నీళ్ళలో చూసినట్టే. మధ్యాహ్నం దాటాక ఆ దూరం లెన్సు 70-200ని బ్యాగులో పెట్టేసి, దగ్గరివి తీసే 35 లెన్సు పట్టుకుని మంట వైపు వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురుగా ఖాళీ చేయించిన ఇళ్ళవాళ్ళు రోడ్డు మీద, గ్యాసు సిలిండర్లూ టీవీలూ ముందు పెట్టుకుని. లోపల చిక్కుకున్న ముగ్గురు పనివాళ్ళ గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆ ముగ్గురూ బతకలేదు. తర్వాత ఆ భవనాన్నే కూల్చేశారు.

ఆ రోజు నేను పంపిన ఇరవై ఫోటోల్లో డెస్కు వేసుకుంది మంట ఫోటోనే, సాయంత్రం కిటికీల్లోంచి ఎర్రగా ఎగసినప్పటిది. కోపమొచ్చింది గానీ, పేపరు కొనేవాడు ముందు చూసేది అదే కదా అని ఊరుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సు. ఇరవైల్లో ఉన్న ఆరుగురు పిల్లలు, పొగకు ఊపిరాడక. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది, అక్కడా ఎక్కువమందిని తీసుకుపోయింది పొగే. మంట ఎంత అందంగా పడుతుందో ఫోటోలో! పొగ బూడిద రంగు మరకలా పడుతుంది, అంతే. దీనికి మందు నా దగ్గర లేదు. ఎర్ర ఫోటో పంపేటప్పుడు దాని పక్కనే ఒక మరక ఫోటో కూడా పంపుతుంటాను, వేసినా వేయకపోయినా.

ఒక సంఘటన చెప్పాలి. ఏ భవనమో చెప్పను. ఆఫీసులున్న కాంప్లెక్సు, సాయంత్రం పూట. నేను ఫుట్‌పాత్ మీద కూర్చుని కార్డు మారుస్తుంటే ఒక పెద్దాయన వచ్చాడు. పంచె, చేతిలో చిన్న ఫోను, ఆయన మాట్లాడుతుంటే దానిలోంచి "మీరు ఫోన్ చేసిన నంబరు..." అని వినబడుతూనే ఉంది.

"బాబూ, నువ్వు అందర్నీ ఫోటో తీశావు గదా. మావాడు ఉన్నాడేమో చూడు. నీలం గళ్ళ చొక్కా."

పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫ్రేమూ వెనక్కి జరిపాను. ఆ చిన్న స్క్రీను మీద పెద్దది చేసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు, అందుకని నేనే చెప్పాలి, "ఇది నీలం కాదండీ, నలుపు." "ఇతను లావుగా ఉన్నాడండీ." అలా వంద పైనే. నిచ్చెన మీద నుంచి దించుతున్న ఫ్రేముల్లో లేడు. చివరికి దేనికి తీశానో నాకే గుర్తులేని ఒక ఫ్రేములో, అంబులెన్సు టైరు పక్కన తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్న కుర్రాడు. మోకాళ్ళ మీద గళ్ళ మోచేయి. ఆయన స్క్రీను మీద వేలు పెట్టి, "చెయ్యి మావాడిదే" అన్నాడు. లేచి అంబులెన్సుల వైపు పరుగెత్తాడు. ఆయన వెనకాల పోయి కలయికను ఫోటో తీయాల్సింది, వృత్తి ప్రకారం. కూర్చునే ఉండిపోయాను. ఆ స్క్రీను మీద ఆయన వేలి గుర్తు తుడవడానికి కూడా చేయి రాలేదు కాసేపు.

ఇప్పుడు నేను నిలబడేది ఎక్కువగా ఫైర్‌మన్లు గాలి సిలిండర్లు మార్చుకునే చోటే. ఊపిరి సెట్టు వేసుకుని లోపలికి పోయినవాళ్ళకి గాలి తగ్గగానే దానికదే విజిలు మోగుతుంది. ముందు ఆ కీచుమనే చప్పుడు వినబడుతుంది, తర్వాత పొగలోంచి ఇద్దరు. మాస్కు తీస్తారు. ముఖం మధ్యలో తెల్లగా, చుట్టూ మసి, నుదుటి మీద రబ్బరు అచ్చు. అర నిమిషం వాళ్ళు ఎవర్నీ చూడరు, కెమెరాని అసలే చూడరు. నాకు ముఖాలు దొరికేది ఆ అర నిమిషమే. తర్వాత ఎవరో నీళ్ళ ప్యాకెట్టు కొరికి ఇస్తారు, సగం తాగి సగం మెడ మీద పోసుకుంటారు.

కానీ మా అన్న ముఖం నాకెప్పుడూ దొరకలేదు. ఆ సంగతి మొన్న తెలిసింది. అరవై ఒక్క ఏళ్ళు నిండి రిటైరవుతున్నాడు, వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, మా డాడీ డ్యూటీల ఉన్న ఫోటో ఉంటే పంపుండ్రి, ఫ్లెక్సీ ఏపిస్తున్నం." ఓ, బోలెడున్నాయి అన్నాను. హార్డ్ డిస్కులన్నీ తీసి రెండు రాత్రులు వెతికాను. ఆయన ఉన్న ఫ్రేములు నలభై దాకా దొరికాయి. అన్నిట్లోనూ వీపే. బ్రాంచ్ పట్టుకుని, మంట వైపు తిరిగి, ఎడమ భుజం కొంచెం కిందికి వాలి. ఆ వాలు చూసే గుర్తుపట్టాను, లేకపోతే హెల్మెట్ల కింద అందరూ ఒకటే. మనిషి సిలిండరు మార్చుకోవడానికి వచ్చినప్పుడల్లా నేను ఇంకెవర్నో తీస్తున్నానేమో.

ఉన్నవాటిలో మంచిది ఏరి పంపాను. గంటకు అన్నే ఫోన్ చేశాడు.

"ఏం తమ్మీ, మొకం లేకుంట ఫ్లెక్సీ ఎట్ల ఏస్తరు?"

ఫంక్షన్ హాలు దగ్గరికి పోయి చూస్తే వేశారు. ఎడమ పక్కన ఐడీ కార్డులోంచి పెద్దది చేసిన పాస్‌పోర్టు ఫోటో, చుక్కలు చుక్కలుగా. వెనకాల ఈ చివర నుంచి ఆ చివర దాకా నా మంట, ఆయన వీపు. లోపల ఆయన కొత్త తెల్లచొక్కా వేసుకుని, మెడలో దండతో, భోజనాల దగ్గర నిలబడి ఎవరికి పెరుగు అందలేదో చూస్తున్నాడు. కెమెరా తీశాను. "ముందు తిను" అన్నాడు.