మ్యాజిక్ మౌస్‌ని తిట్టేవాళ్లు తప్పు చోట తిడుతున్నారు

యాపిల్ మ్యాజిక్ మౌస్ గురించి ఎవర్ని కదిపినా ముందు వచ్చే మాట ఒకటే, ఛార్జింగ్ పెట్టాలంటే దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాలి అని. పొట్టలో కేబుల్ గుచ్చుకుని చచ్చిన బొద్దింకలా పడున్న ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. 2015లో రెండో మోడల్ వచ్చినప్పటి నుంచీ ఆ జోకు నడుస్తూనే ఉంది, 2024 అక్టోబరులో లైట్నింగ్ అనే యాపిల్ సొంత పోర్టు తీసేసి యూఎస్‌బీ-సీ పెట్టినప్పుడు కూడా పోర్టుని అడుగునే ఉంచేశారు కాబట్టి ఆ జోకుకి ఇప్పట్లో చావు లేదు. నాకు జోకు మీద కోపమేమీ లేదు. కానీ రోజంతా దాని మీద చెయ్యేసి కూర్చునేవాడిగా చెప్తున్నా, దాని లోపాలన్నిట్లోకీ చిన్నది అదే. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం రెండు నిమిషాలు ఛార్జ్ చేస్తే 9 గంటలు నడుస్తుంది, నిండా ఎక్కిస్తే నెల దాటుతుంది. కిందకెళ్లి టీ తాగొచ్చేలోపు అయిపోయే పనికి ఇన్నేళ్ల గోల ఎందుకో నాకర్థం కాదు.

తిట్టాల్సింది వేరే ఉంది. మెచ్చుకోవాల్సిందీ వేరే ఉంది. రెండూ ఒకే చోట ఉన్నాయి, చక్రానికి బదులు వేలు రాస్తే పనిచేసేలా పైన పెట్టిన ఆ నున్నటి తెల్ల పలకలో. సాగిపోవడానికి అంత హాయైన మౌస్ ఇంకోటి లేదు, ఆగడానికి, నొక్కడానికి వచ్చేసరికి మాత్రం ప్రాణం తీస్తుంది.

నేను చేసేది పెళ్లి వీడియోల ఎడిటింగ్, విజయవాడలో. శ్రావణమాసం ముహూర్తాలు మొదలైతే హార్డ్ డిస్కులు వరసగా వచ్చి పడతాయి. ఒక్కో పెళ్లికి రెండు మూడు కెమెరాలు, పైన డ్రోన్, ఎవరో బావమరిది ఫోన్లో తీసిన ముక్కలు, అన్నీ కలిపి టైమ్‌లైన్ మీద, అంటే ముక్కల్ని వరసగా పేర్చే పట్టీ మీద, పరిస్తే గంటల తరబడి పొడవు. ఫైనల్ కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అంత టైమ్‌లైన్ మీద ఇటు నుంచి అటు పోవాలి, మళ్లీ వెనక్కి రావాలి, పొద్దస్తమానం ఇదే పని. మామూలు చక్రం మౌస్ అయితే పైకీ కిందకీ తిరుగుతుంది తప్ప పక్కకి పోదు కాబట్టి షిఫ్ట్ పట్టుకుని తిప్పాలి, అది కూడా టక్ టక్ టక్ మని మెట్లు మెట్లుగా. మ్యాజిక్ మౌస్ మీద చూపుడు వేలు పక్కకి ఇలా జరిపితే చాలు, టైమ్‌లైన్ వేలితో పాటే జారుతుంది. నెమ్మదిగా జరిపితే నెమ్మదిగా, విసిరితే విసురుగా పోయి దానంతట అదే నిదానిస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఎక్కడుందో వెతకాలంటే నేను వీడియో వంకే చూడను, కింద ఆడియో గీత చూస్తాను. ముహూర్తం వేళకి గట్టిమేళం మోగుతుంది కదా, అక్కడ ఆ గీత ఒక్కసారిగా లావెక్కి, గోడ కట్టినట్టు నిలబడుతుంది. మంగళసూత్రం దగ్గర ఇంకో గోడ. పంతులుగారి మంత్రాలన్నీ సన్నటి అలలే, ఈ రెండు చోట్ల మాత్రం మందంగా నల్లగా కనిపిస్తుంది. కాబట్టి టైమ్‌లైన్ మొదట్లో నిలబడి వేలితో ఒక్క విసురు విసిరితే, సన్నటి గీతంతా కళ్ల ముందు పరిగెడుతూ పోయి మందపాటి ముక్క రాగానే వేలు ఆనిస్తే ఆగిపోతుంది, అక్కడి నుంచి కొంచెం వెనక్కి నిమిరితే పెళ్లికూతురి తల మీద పెళ్లికొడుకు చెయ్యి పెట్టబోతున్న ఫ్రేము. కీబోర్డు ముట్టుకోనక్కర్లేదు. క్లయింట్లు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఇది మరీ ఉపయోగం, ఎందుకంటే వాళ్లకి కావాల్సింది ముహూర్తం కాదు, "బాబూ, మా పెద్దమ్మ అక్షింతలు వేసేటప్పుడు కనపడింది, మళ్లీ కనపళ్లేదు, కాస్త వెనక్కి పోనివ్వు" అనేది వాళ్ల బాధ. పోనిస్తాను. పెద్దమ్మ దొరుకుతుంది. ఎవరి తలకాయ వెనకాలో సగం.

ఇక తిట్ల సంగతి.

ఆ మౌస్‌కి రెండు బటన్లు ఉన్నాయనుకుంటాం, లేవు. పైన ఉన్న చిప్ప మొత్తం ఒకే ముక్క, ముందు వైపు ఎక్కడ నొక్కినా కింద టిక్ మనేది ఒకటే స్విచ్చు. మరి ఎడమ క్లిక్కా కుడి క్లిక్కా అనేది ఎలా తెలుస్తుందంటే, నొక్కిన క్షణంలో పలక మీద వేలు ఎక్కడుందో చూసుకుని లెక్క కడుతుంది. పలక కింద ఉన్న సెన్సర్లు వేలి వల్ల వచ్చే విద్యుత్ మార్పుని పట్టుకుంటాయి, ఫోన్ తెరలో జరిగేదే. వేలు కుడి పక్కన ఒక్కటే ఉంటే కుడి క్లిక్. కానీ మనం మౌస్ పట్టుకునేటప్పుడు రెండు వేళ్లూ ఆనించే కదా పట్టుకుంటాం, ఎడమ పక్కన చూపుడు వేలు అలాగే ఉంచి మధ్య వేలితో నొక్కితే దానికి రెండు వేళ్లు కనిపిస్తాయి, ఎడమ క్లిక్ అనుకుంటుంది. పైగా కొత్త మ్యాక్‌లో కుడి క్లిక్ మొదట ఆపేసి ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు దీంతో ఒక పూటంతా కుస్తీ పట్టాడు.

"అన్నా, రైట్ క్లిక్ ఒకసారి పడతంది, ఒకసారి పడట్లేదు, పోయినట్టుంది ఇది."

"పోలేదురా, చూపుడు వేలు గాల్లోకి ఎత్తి నొక్కు."

ఎత్తి నొక్కాడు, పడింది. నా వంక ఎలా చూశాడంటే, మౌస్ నొక్కడానికి కూడా ముద్రలు పట్టాలా అన్నట్టు. వాడి చూపులో న్యాయం ఉంది. రెండు బటన్లూ ఒకేసారి నొక్కాల్సిన గేములు దీంతో ఆడలేరు, మధ్య బటన్ అసలు లేదు, త్రీడీ సాఫ్ట్‌వేర్‌ల వాళ్లకి మధ్య బటన్ లేకపోతే చెయ్యి విరిగినట్టే. బెటర్ టచ్ టూల్ లాంటి యాప్ వేసుకుంటే మూడు వేళ్లతో తట్టడాన్ని మధ్య క్లిక్‌గా మార్చుకోవచ్చు, కానీ డబ్బులు పోసి మౌస్ కొన్నాక దానికి మళ్లీ బటన్ కొనుక్కోవడం ఏం ముచ్చట.

రెండోది ఎత్తు. ఆ మౌస్ ఎత్తు రెండు సెంటీమీటర్ల పైన కొంచెం, అంతే. అరచేతికి ఆనదు. మామూలు మౌస్ మీద అరచెయ్యి వాల్చి కూర్చుంటాం, దీన్ని మాత్రం వేళ్ల కొసలతో బొటనవేలూ చిటికెన వేలూ మధ్య ఇరికించి పట్టుకోవాలి. బల్ల మీద పెట్టి ఫొటో తీస్తే ఎంత అందంగా ఉంటుందో, పది గంటలు పట్టుకుంటే అంత ఇబ్బంది. నా చెయ్యి పెద్దది, చిన్న చేతులవాళ్లు బాగానే ఉందంటారు, కాబట్టి ఇందులో నా మాట పూర్తిగా నమ్మక్కర్లేదు, షాపులో ఒక పావుగంట పట్టుకుని చూసుకోండి.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే, దీనికి ముందు 2005లో యాపిల్ మైటీ మౌస్ అని ఒకటి తెచ్చింది, దాని నెత్తిన చిన్న గోళీ ఉండేది. గోళీని ఎటు తిప్పితే అటు స్క్రోల్ అవుతుంది, పక్కకి కూడా. ఐడియా బంగారం. కానీ వేలికున్న జిడ్డూ దుమ్మూ ఆ గోళీ కిందకి పోయి పేరుకుపోయేది, విప్పి శుభ్రం చేద్దామంటే తేలిగ్గా విప్పే దారి లేదు. చాలామంది దాన్ని తిరగేసి కాగితం మీద గట్టిగా రుద్దేవాళ్లు. 2009 అక్టోబరు 20న మ్యాజిక్ మౌస్ వచ్చింది, గోళీ మాయం, కదిలే భాగమే లేకపోతే ఇరుక్కునేదేముంది అన్న లెక్క. ఆ లెక్క మాత్రం నిజమే, ఏళ్ల తరబడి వాడిన మ్యాజిక్ మౌస్ కూడా గుడ్డతో ఒకసారి తుడిస్తే స్క్రోలింగ్ కొత్తదానిలాగే ఉంటుంది. మొదటి మోడల్‌కి రెండు డబుల్ ఏ సెల్స్ పడేవి, బరువుగా ఉండేది, 2015లో సెల్స్ పోయి లోపలే బ్యాటరీ వచ్చింది.

తమాషా ఏంటంటే, అదే 2009 అక్టోబరులో, మ్యాజిక్ మౌస్ కంటే రెండు వారాల ముందే, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కెనడాలోని విక్టోరియాలో జరిగిన ఒక సదస్సులో టచ్ మౌస్ నమూనాలు ఐదు చూపించారు. ఒకదాని లోపల వేళ్లని చూసే కెమెరా ఉంది. ఇంకొకటి తన ముందున్న బల్లనే టచ్ పలకలా వాడుకుంటుంది. మరొకదానికి బొటనవేలికీ చూపుడు వేలికీ రెండు కదిలే చేతులు. వాటిలో సాదా సీదాది, మ్యాజిక్ మౌస్ లాగే పైపలకలో సెన్సర్లు ఉన్నది. బజారులోకి వచ్చిన మైక్రోసాఫ్ట్ టచ్ మౌస్ అదే దారిలో 2011లో విండోస్ 7 కోసం వచ్చింది. లాజిటెక్ వాళ్లూ 2012లో ఎం600 అని ఒకటి, టీ620 అని ఇంకోటి వదిలారు. ఇప్పుడవేవీ లేవు. టచ్ మౌస్ అనే సంతలో గట్టిగా నిలబడిన కొట్టు యాపిల్‌దే. మిగతావాళ్లు చాలామంది చక్రానికే తిరిగొచ్చారు, వాళ్లని తప్పు పట్టలేం. చక్రానికి మెట్లుంటాయి, ఎంత తిప్పామో వేలికి తెలుస్తుంది, తిప్పకపోతే తిరగదు. టచ్ పలకకి అలాంటిదేమీ లేదు, వేలు ఊరికే ఆనినా అది పనే అనుకుంటుంది.

నాకు ఈ బాధ ఎక్కువగా తగిలేది ఆల్బమ్ పని దగ్గర. కరిజ్మా ఆల్బమ్‌కి, అంటే పుస్తకంలా అచ్చేసే పెళ్లి ఆల్బమ్‌కి, ఫొటోషాప్‌లో షీట్లు చేస్తూ, వెనకున్నదాన్నుంచి విడదీయడానికి పెళ్లికూతురి జడ చుట్టూ మాస్క్ గీస్తున్నప్పుడు క్లిక్ పట్టుకుని ఉన్న వేలు ఆవగింజంత జారిందంటే కాన్వాసే జారిపోతుంది. జడ ఒకచోట, గీత ఒకచోట. మే నెలలో, కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు, చెమట వేళ్లతో అయితే ఇంక చెప్పక్కర్లేదు, వేలు పలకకి పట్టేసి సాఫీగా జారనే జారదు. అందుకే నా బల్ల మీద రెండు మౌసులుంటాయి. టైమ్‌లైన్‌కి ఇది, ఆల్బమ్‌కి తోక ఉన్న మామూలు మౌస్. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. రెండూ ఒకే దాంట్లో కావాలనుకునేవాళ్లకి బొటనవేలి దగ్గర పక్క చక్రం ఉన్న లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ లాంటివి ఉన్నాయి, చేతికి నిండుగా ఉంటాయి, కానీ ఆ చిన్న చక్రం వేలి విసురుకి సాటి రాదని నా అభిప్రాయం.

మ్యాజిక్ మౌస్ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు రెండు మూడు సెట్టింగులు మార్చుకుంటే సగం చికాకు పోతుంది. పేజీల మధ్య స్వైప్ అనేదాన్ని ముందు ఆపేయండి, ఏదో ఫారం నింపుతుంటే వేలు పక్కకి జారి బ్రౌజర్ వెనకపేజీకి వెళ్లిపోయి, రాసిందంతా గోవిందా అయ్యేది దానివల్లే. ఒక వేలితో రెండుసార్లు తడితే జూమ్ అయ్యే స్మార్ట్ జూమ్ కూడా అంతే, అడగని సాయం. విసిరితే చాలాసేపు జారడం నచ్చనివాళ్లు యాక్సెసిబిలిటీలో పాయింటర్ కంట్రోల్‌లోకి, అక్కడ మౌస్ ఆప్షన్స్‌లోకి వెళ్తే ఇనర్షియా అని ఉంటుంది, తీసేయొచ్చు. నేనైతే తీయను, నా తిండి దానిమీదే. విండోస్ కంప్యూటర్‌కి దీన్ని కలుపుదామనుకునేవాళ్లకి ఒకటే మాట, బాణం కదులుతుంది, క్లిక్ పడుతుంది, వేరే డ్రైవర్ వెయ్యకపోతే స్క్రోలింగ్ రాదు. అంటే దేనికోసం కొన్నామో అది తప్ప అన్నీ వస్తాయి.

అమెరికాలో దీని ధర 79 డాలర్లు, నల్లది కావాలంటే 99, రంగుకి 20 డాలర్లు ఏంటో మరి. అందుకని చాలామంది సెకండ్ హ్యాండ్ అడుగుతుంటారు. కొనేముందు తిరగేసి చూడండి. బ్యాటరీ మూత ఉంటే 2009 నాటి మొదటి రకం, దాన్లో సెల్స్ వదులై మాటిమాటికీ కనెక్షన్ పోతుందని చాలామంది గోల పెట్టారు, కాగితం మడిచి పెట్టి నెట్టుకొచ్చేవాళ్లు. మూత లేకుండా పోర్టు ఉంటే రెండో రకం, దాని బ్యాటరీ లోపల అతికించి ఉంటుంది, నీరసించిపోతే మార్చుకోవడం మన చేతుల్లో లేదు కాబట్టి ఎంతసేపు నిలబడుతోందో అమ్మేవాణ్ణి గట్టిగా అడగండి. అడుగున పొడవునా రెండు ప్లాస్టిక్ పట్టీలుంటాయి, అవి అరిగిపోయి ఉంటే బల్ల మీద గరగరమంటుంది. చివరగా పొడవాటి పేజీ ఏదైనా తెరిచి, పలక మీద ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా చోటు మార్చుకుంటూ వేలు రాసి చూడండి, ఎక్కడైనా పేజీ కదలకుండా నిలబడిపోయిందంటే అక్కడ సెన్సర్ పోయినట్టే, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దనండి.