ఆ ఎర్ర ఇంటూ

పడుకుందామంటే ఆ వర్క్‌షీటే కళ్ల ముందు తిరుగుతోంది. ఒక పక్క ప్రకృతిలో దొరికేవి, ఇంకో పక్క మనిషి చేసినవి, బొమ్మలు చూసి గీత గీసి కలపాలి. మా చిన్నది కర్ర బొంగరాన్ని చెట్టు వైపు కలిపింది. దాని మీద ఇంత పొడుగు ఎర్ర ఇంటూ! యూకేజీ పిల్లకి ఇంటూలు అవసరమా అసలు? పోనీ కొట్టారు, ఎందుకు కొట్టారో ఒక్క ముక్క చెప్పొచ్చుగా. సాయంత్రమంతా ముఖం ముడుచుకుని కూర్చుంది. ఈయనేమో "బొంగరం మనిషేగా చేసింది, టీచర్ కొట్టింది కరెక్టే" అని మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయారు. ఒళ్లు మండింది.

మా అమ్మమ్మ వాళ్లది యలమంచిలి. సెలవుల్లో మామయ్య లక్క బొమ్మలు, బొంగరాలు చేసే ఏటికొప్పాక తీసుకెళ్లేవాడు. తరిమెన మీద, అదే కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఒక తాత రంగు లక్క పుల్లని దానికి ఆనించేవాడు. నిప్పు లేదు, పొయ్యి లేదు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేసేది. పైన మొగలి ఆకు అదిమితే నిగనిగలాడేది. ఈ లక్క చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టేదే అని మామయ్య చెబితే నేను నమ్మలేదు, రాలిన పొట్టు ఏరి నలిపి, వాసన చూసి, దారంతా వాదించాను. చెట్టు, పురుగు, మనిషి ముగ్గురూ ఉన్న వస్తువుని ఏ పక్కకి కలపమంటారు?

కానీ రాస్తుంటే ఇంకోటి తడుతోంది. ఆ షీటు రాకపోతే చిన్నది అన్నం తిన్నాక బొంగరం తీసి మేకు దగ్గర రంగు పోయిన చోట గోరుతో గీకేది కాదు. తెల్లటి కర్ర బయటపడింది. "అమ్మా, లోపల ఇంకా చెట్టే ఉంది!" అంది. తర్వాత మేకు ముట్టుకుని "ఇది చల్లగా ఉంది, కర్రేమో చల్లగా లేదు" అంది. రెండూ ఒకే గదిలో ఒకే వేడిలో ఉన్నవే, ఇనుము మన చేతి వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి అలా తోస్తుంది. అదంతా నేను చెప్పలేదు, ఇంకాసేపు ముట్టుకోనీ అని ఊరుకున్నాను.

కాబట్టి షీటు ఉండనివ్వండి, దాంతోపాటు వస్తువు కూడా చేతికివ్వండి. ఇక్కడ బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ ప్లే ఏరియాలో నేలంతా ప్లాస్టిక్ గడ్డే, మట్టి ముట్టుకుంటే ఇన్ఫెక్షనట!

ఏటికొప్పాకలాగే కర్ర బొమ్మలు చేసే చన్నపట్న బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే. అక్కడా బొమ్మలకి అదే అంకుడు కర్ర, అదే లక్క. శనివారం పొద్దున్నే రైలెక్కేద్దాం అన్నాను. అత్తయ్య పులిహోర కలుపుతానన్నారు.